ఇప్పుడొద్దులే

సీతాలుకు మొగుడి మీద అనుమానం రావడం ఆ ఇంట్లో కొత్త సంగతేమీ కాదు. కల్లు తాగొచ్చి తాగలేదంటున్నాడని, మంచి చేప పడితే గుట్టుగా అక్కగారింటికి పంపేశాడని, వల బాగుచేస్తానని వెళ్లి పేకాటకు కూర్చున్నాడని, ఇలాంటి అనుమానాలు వింటూనే కూతురు కస్తూరి పెరిగి పెద్దదైంది. వాటిలో సగం నిజమయ్యేవి కూడా. ఈసారి అనుమానం మాత్రం వేరే జాతిది. మాసేనయ్య మరీ మంచివాడైపోయాడట.

“మీ అయ్య మీ అయ్య కాడే,” అంది సీతాలు. ఆదివారం కదా అని కస్తూరి కొత్తపాలెం వచ్చి ఇంకా చెప్పులైనా విడవలేదు. “తాగడు, అరవడు. నిన్న సేపల యాపారి ఎదురుగుండానే కాటా నొక్కేత్తంటే సూసి ఊరుకున్నాడు. మునుపైతే ఆడి సొక్కా అట్టుకునీవోడు కాదేటి?”

“పెద్దవాడవుతున్నాడు కదమ్మా.”

“ఒయసు మోకాళ్లకొత్తాది గానీ నోటికొత్తాదేటే?”

కస్తూరి నవ్వేసింది. నవ్వుతూనే అరుగు మీద కూర్చున్న తండ్రి చెవి వెనక్కి చూసింది. చింతగింజంత బిళ్ల, బూడిదరంగులో, చర్మానికి అంటుకుని ఉంది. కాగితాల్లో దాని పేరు ‘అభయం’. జనం నోట్లో ఉత్త బిళ్ల. దాన్ని తయారుచేసింది కస్తూరే.

ఆ కథ సూర్రాజుతో మొదలైంది. సూర్రాజు ఆమె అన్న. తుఫాను హెచ్చరిక ఉన్న రోజున, ఎవరెంత చెప్పినా వినకుండా తెప్ప దించాడు. తెప్ప ఒడ్డుకొచ్చింది, అతను రాలేదు. అప్పటికి కస్తూరి విశాఖలో మెదడు గురించి పరిశోధన చేస్తోంది. తెప్ప దించే ముందు వాడికి ఒక్క క్షణం ‘ఇప్పుడొద్దులే’ అనిపించి ఉంటే బతికేవాడు కదా అన్న ఆలోచన ఆమెను కూర్చోనివ్వలేదు. మనిషి సాహసానికి దిగబోయే ముందు, భయాన్ని తోసుకుంటూ తలలో ఒక చిన్న కెరటం లేస్తుందని ఆమెకు తెలుసు. బిళ్ల ఆ కెరటాన్ని పసిగట్టి పైకి లేవకుండానే కరిగించేస్తుంది. నొప్పి ఉండదు, ఎవరో ఆపినట్టూ ఉండదు. మనిషికి తనంతట తనకే ‘ఇప్పుడొద్దులే’ అనిపిస్తుంది, అంతే.

ఆ సున్నితత్వాన్ని చూసే ప్రభుత్వం ముచ్చటపడింది. సముద్రంలో వేటకు వెళ్లేవాళ్లు, క్వారీల్లో పేలుళ్లు చేసేవాళ్లు, ఎత్తయిన కట్టడాలెక్కేవాళ్లు బిళ్ల పెట్టుకోవాల్సిందేనని చట్టం వచ్చింది. లేకపోతే లైసెన్సు రద్దు. చావులు తగ్గాయి, నిజంగానే తగ్గాయి. పేపర్లలో కస్తూరి ఫోటో వేశారు. సీతాలు దాన్ని గోడకు అంటించింది కూడా.

“అయ్యా, ఒంట్లో బాగానే ఉందా?” అని అడిగింది కస్తూరి.

“నాకేటమ్మా, బాగానే ఉన్నాను,” అన్నాడు మాసేనయ్య. ఆ మాట నెమ్మదిగా, మర్యాదగా వచ్చింది. ఆ మర్యాదే కస్తూరికి గుచ్చుకుంది. తన తండ్రి అలా మాట్లాడడం ఆమె ఎన్నడూ వినలేదు.

ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది, సముద్రం మీద తెల్ల నురగలు లేస్తున్నాయి. ఊళ్లో ఎవరూ వేటకు వెళ్లలేదు. మాసేనయ్య లేచి గుమ్మం దాకా వచ్చి సముద్రం వైపు చూశాడు. చెయ్యి తెడ్డు మీద పడింది. కాసేపు అలాగే నిలబడి, “ఇప్పుడొద్దులే,” అని వెనక్కి తిరగబోయాడు. సరిగ్గా అప్పుడే వంటింట్లో సీతాలు ఎండుమిరపకాయలు వేయిస్తూ గట్టిగా తుమ్మింది.

ఒంటి తుమ్ము. ఆ ఊళ్లో దానికొక పద్ధతుంది. బయల్దేరేవాడు ఒంటి తుమ్ము వింటే కూర్చోవాలి, గుక్కెడు నీళ్లు తాగాలి, లేచి వెళ్లిపోవాలి. జోడు తుమ్మైతే అసలు ఆగక్కర్లేదు, అది శుభం. మాసేనయ్య అలవాటుగా గుమ్మంలో కూలబడ్డాడు. కుండలోంచి నీళ్లు ముంచుకుని తాగాడు. లేచాడు. తెడ్డు భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా ఒడ్డుకు నడిచి వెళ్లి, తెప్ప దించేశాడు.

కస్తూరి వెనకే పరిగెత్తింది. బిళ్ల ఉన్న మనిషి అలా వెళ్లలేడు. వెళ్లాడు. సాయంత్రం అతను నిండు గంపతో తిరిగొచ్చేదాకా తల్లీ కూతురూ ఒడ్డునే ఉన్నారు. తండ్రి క్షేమంగా వచ్చాడన్న సంతోషం కంటే, ఎలా వెళ్లాడన్న అనుమానమే కస్తూరిని ఎక్కువగా తినేసింది.

బిళ్లలన్నీ తలలో లేచే కెరటాల గీతల్ని ఎప్పటికప్పుడు పరిశోధనాలయానికి పంపుతూ ఉంటాయి. మర్నాడు కస్తూరి తండ్రి గీతను తెర మీద వేసి చూసింది. గుమ్మంలో నిలబడినప్పుడు కెరటం లేచింది, బిళ్ల కరిగించింది. ఆ తర్వాత తుమ్ము. అక్కడి నుంచి తెప్ప నీళ్లలోకి దిగేదాకా గీత చదునుగా ఉంది. అంటే అతను రెండోసారి ధైర్యం చెయ్యలేదు. తుమ్మాక కూర్చోవాలి, నీళ్లు తాగాలి, వెళ్లాలి. వెళ్లడం ఆ పద్ధతిలో మిగిలిన పని, కాళ్లు దాన్ని పూర్తిచేశాయి. లేవని కెరటాన్ని బిళ్ల ఎలా పట్టుకుంటుంది?

ఆ పక్కనే ఇంకో సంగతి కనిపించింది. శనివారం మధ్యాహ్నం అంతకంటే పెద్ద కెరటమొకటి లేచి కరిగింది. ఆ సమయానికి మాసేనయ్య సముద్రం దగ్గర లేడు. అమ్మ చెప్పిన ఆ చేపల వ్యాపారి కాటా ముందు ఉన్నాడు.

కస్తూరి సరదాకన్నట్టు ఒక పరీక్ష పెట్టింది. పరిశోధనాలయంలో క్యాంటీన్ సాంబారు నీళ్లలా ఉంటుందని అందరికీ తెలుసు. ఆ క్యాంటీన్ డైరెక్టర్ విశ్వంభర్ గారి బావమరిదిదని కూడా తెలుసు. పరీక్షల కోసం వచ్చే మనుషుల్ని పిలిచి, డైరెక్టర్ గారు అటుగా వచ్చినప్పుడు ఆ సాంబారు సంగతి మొహమ్మీదే చెప్పమంది. బిళ్ల లేనివాళ్లలో చాలామంది చెప్పారు, ఒకాయనైతే గిన్నె తీసుకెళ్లి మరీ చూపించాడు. బిళ్ల ఉన్నవాళ్లలో ఒక్కరూ నోరు విప్పలేదు. తర్వాత ఎందుకని అడిగితే, “ఇప్పుడెందుకులెండి, ఆయన పనిలో ఉన్నట్టున్నారు,” అన్నారు. అందరిదీ ఇంచుమించు అదే మాట.

విశ్వంభర్ ఆమెను గదిలోకి పిలిపించాడు. ఆమె వెళ్లేసరికి ఫోన్‌లో ఎవరో పెద్ద అధికారి మీద కేకలేస్తున్నాడు. ఫోన్ పెట్టేసి చిరునవ్వు నవ్వాడు. ఆయన చెవి వెనక కూడా బిళ్ల ఉంది. పరిశోధనాలయంలో అందరికీ ఉంది, కస్తూరికి కూడా. మనం పెట్టుకోకపోతే జనం ఎలా నమ్ముతారు అని ఆ పద్ధతి పెట్టింది ఆయనే.

“సాంబారు పరీక్ష ఎవరు చెయ్యమన్నారమ్మా?”

“నేనే సార్. సముద్రానికీ మీ గదికీ తేడా బిళ్లకి తెలియడం లేదని నా అనుమానం. జనం ప్రమాదాల్లోకే కాదు, దేనిలోకీ అడుగు వెయ్యడం లేదు.”

“జనానికి మర్యాద వచ్చిందన్నమాట.” ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. “చూడమ్మా, వేటకి వెళ్లొద్దని నిషేధం పెడితే రోడ్డు మీద బైఠాయిస్తారు. వాళ్లకే వెళ్లాలని లేకపోతే ఎవరు బైఠాయిస్తారు? బిళ్ల తీసేయమని ఇంతవరకూ ఒక్కరు అడిగారా? చెప్పు, ఒక్కరు?”

అడగలేదు. అదే కదా భయం. తీసేయమని అడగడానికీ ధైర్యం కావాలి. ఆ మాట గొంతు దాకా వచ్చింది. ‘ఇప్పుడొద్దులే, ఆయన మంచి మూడ్‌లో ఉన్నప్పుడు చెబుదాం’ అనిపించింది. కస్తూరి నమస్కారం పెట్టి బయటికొచ్చేసింది. వరండా సగం నడిచాక గానీ ఆమెకు తట్టలేదు, అలా అనిపించింది తనకేనా అని.

ఆ రోజు నుంచి ఆమెకు తన మీదే అనుమానం పట్టుకుంది. బిళ్ల ఊడదీసే అయస్కాంతపు తాళం ఆమె బల్ల సొరుగులోనే ఉండేది. పొద్దున్నే వచ్చి సొరుగు తెరిచేది. చెప్పాల్సిన మాటలన్నీ ఎక్కాల్లా మనసులో వల్లించుకునేది. తాళం చేతిలోకి తీసుకునేది. పని ఎక్కువుంది, రేపు చూద్దాంలే అనిపించేది. సొరుగు మూసేసేది. రేపు కూడా అంతే. అనుమానపడడానికి ధైర్యం అక్కర్లేదు కాబట్టి ఆమె ఎంతైనా అనుమానపడగలదు, బిళ్ల అడ్డు రాదు. ఆపైన అడుగు వెయ్యడానికే లేదు. తాను కట్టిన బోనులో తానే కూర్చుని చువ్వలు లెక్కపెట్టుకున్నట్టుంది ఆమె పని.

ఈలోగా కబురొచ్చింది. రాష్ట్రంలో వయసొచ్చిన వాళ్లందరికీ బిళ్ల పెట్టాలా వద్దా అని తేల్చడానికి ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. రిటైరైన జడ్జి ఇందుమతి గారు దాని అధ్యక్షురాలు. బహిరంగ విచారణ, ఎవరైనా వచ్చి వినొచ్చు. బిళ్ల వల్ల మనిషికి హాని ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నకు దాన్ని తయారుచేసిన కస్తూరే జవాబు చెప్పాలి.

విచారణకు ముందు ఆదివారం ఇంట్లో భోజనం దగ్గర ఆ సంగతి చెప్పింది. తండ్రి గీత, తుమ్ము, సాంబారు అన్నీ వరసగా చెప్పుకొచ్చింది. మాసేనయ్య తల వంచుకుని తింటున్నాడు.

“అయితే అక్కడ సెప్పేత్తావన్నమాట,” అంది సీతాలు.

“చెప్పాలి. కానీ... ఇప్పుడొద్దులేమ్మా. తర్వాత నెమ్మదిగా రాసి పంపిస్తాను.”

సీతాలు చేతిలో గరిటె ఆగింది. కూతుర్ని ఎగాదిగా చూసింది, అచ్చం మొగుణ్ని చూసినట్టే.

“ఓలమ్మా! నీకూ అట్టుకున్నాదే!” కళ్లలో నీళ్లు తిరిగాయి. “కొడుకుని గంగ తీసుకుపోనాది. మొగుణ్ని నీ బిళ్ల తీసుకుపోనాది. ఉన్న ఒక్క ఆడగుంటనీ కూడా అదే మింగీసినాది.”

“అమ్మా, అది లేకపోతే అయ్య కూడా అన్నలాగే...”

“పోతే పోతాడే! నాను ఏడుత్తాను, సచ్చీదాకా ఏడుత్తాను. కానీ నా మొగుడు పోనాడని ఏడుత్తాను. ఇంట్లో కూకున్నోడెవుడో తెలీక ఏడవను.”

మాసేనయ్య అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. అతనేదో అనబోయి మానేశాడు.

విచారణ కలెక్టరాఫీసు మీటింగు హాల్లో. ముందు వరసల్లో అధికారులు, అందరి చెవుల వెనకా బిళ్లలు, అందరి ముఖాల్లో అదే ప్రశాంతత. విశ్వంభర్ చక్కగా మాట్లాడాడు. తగ్గిన చావుల లెక్కలు చూపించాడు. సూర్రాజు పేరు ఎత్తకుండానే సూర్రాజు కథ చెప్పి, కస్తూరి వైపు జాలిగా చూశాడు. అన్న చావుని ఆయన సొంత సొమ్ములా వాడుకుంటున్నాడనిపించి ఆమెకు ఒళ్లు మండింది.

“కస్తూరి గారూ, మీరు చెప్పండి,” అన్నారు ఇందుమతి గారు. “దీనివల్ల మనిషికి హాని ఏమైనా ఉందా?”

కస్తూరి సగం లేచింది. ఇంతమందిలో ఎందుకు, తర్వాత రాసి పంపుదాంలే. ఎంత సబబుగా ఉందో ఆ ఆలోచన. హాని ఏమీ లేదండీ అనడానికి పెదాలు కదిలాయి.

వెనక వరసలోంచి తుమ్ము వినిపించింది. హాలు అదిరిపోయేటంత తుమ్ము.

కస్తూరి మోకాళ్లు వాటంతటవే మడతపడ్డాయి. కూర్చుండిపోయింది. అంత సైన్సు చదివిన మనిషి తుమ్ముకు కూర్చోవడం చూసి ఎవరో కిసుక్కున నవ్వారు. కస్తూరి తల తిప్పి చూస్తే చివరి కుర్చీలో సీతాలు కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. ఆవిడ రెండో చేతిలో ముక్కుపొడుం డబ్బా ఉంది. పక్కన మాసేనయ్య.

“నీళ్లు తాగండమ్మా,” అన్నారు ఇందుమతి గారు, ఆ సంగతి తెలిసిన మనిషిలా. “తాగి లేవండి.”

కస్తూరి గ్లాసెత్తి తాగింది. లేచింది. కాళ్లు లేచాయి, నోరు తెరుచుకుంది, రోజూ సొరుగు ముందు వల్లించుకున్న మాటలు ఎక్కాల్లా వాటంతటవే వచ్చేశాయి.

“ఈ బిళ్ల ప్రమాదాన్ని ఆపదండీ. ధైర్యాన్ని ఆపుతుంది. తుఫానులోకి వెళ్లే ధైర్యానికీ, తూకంలో మోసం చేసినవాణ్ని నిలదీసే ధైర్యానికీ దీనికి తేడా తెలియదు. తయారుచేసిన నాకే తెలియలేదు. మా అన్నకి ఒక్క క్షణం ఆగే బుద్ధి ఇద్దామనుకున్నాను. మా నాన్నకి జన్మంతా ఆగిపోయే రోగం ఇచ్చాను. తీసేయమని ఎవరూ అడగలేదంటున్నారు. అడగనివ్వనిదే ఇది. నేను కూడా అడగలేకపోయాను.”

విశ్వంభర్ బల్ల మీద దబ్బున చరిచి లేచాడు. “అబద్ధం! ఈ అమ్మాయికి మతి చలించింది. మేడమ్, ఇది రికార్డు చెయ్యడానికి వీల్లేదు!”

“మీరు కూర్చోండి,” అన్నారు ఇందుమతి గారు.

“నేనెందుకు కూర్చుంటాను? మీకు సైన్సు తెలుసా? మీ కమిటీ ఎవరి దయ వల్ల ఏర్పడిందో ముందు తెలుసుకోండి! పైన ఎవరితో మాట్లాడాలో నాకు తెలుసు!”

ఆయన అరుస్తూనే ఉన్నాడు. చుట్టూ అధికారులంతా తలలు వంచుకుని మెదలకుండా కూర్చున్నారు. అంత పెద్ద హాల్లో బిళ్ల ఉండి నిలబడి అరుస్తున్న మనిషి ఆయనొక్కడే. అది అందరికంటే ముందు సీతాలుకే తోచింది. అనుమానంలో ఆవిడకున్న అనుభవం అలాంటిది.

“బాబూ,” అంది వెనక నుంచి, ఎంతో వినయంగా. “తమరి బిళ్లా మా ఆయన బిళ్లా ఒకలాటియేనా?”

విశ్వంభర్ నోరు మూతపడింది. చెయ్యి తనకు తెలియకుండానే చెవి వెనక్కి వెళ్లింది. ఇందుమతి గారు కాసేపు ఆ చేతినే చూసి, “ఒకసారి తీసి ఇలా ఇవ్వండి,” అన్నారు. తాళం అవసరం రాలేదు. గోటితో గీకితే వచ్చేసింది. లోపల ఏమీ లేదు, ఉత్త ప్లాస్టిక్ డొల్ల.

తర్వాత వరండాలో ఆయన కస్తూరి పక్కనుంచి వెళుతూ ఆగాడు. “రేపు ఎవడైనా మునిగిపోతే, ఆ ఇంటికి నువ్వే వెళ్లి చెప్పు,” అన్నాడు. ఆయన మోసగాడే గానీ ఆ మాట మోసం కాదు.

బిళ్లలు ముందు అందరికీ తీసేసి, ఆ తర్వాతే కావాలా అని అడగాలని కమిటీ తీర్పు చెప్పింది. కొందరు కావాలనే అన్నారు. పేకాట మానలేని ఒక టీచరు మళ్లీ పెట్టమని బతిమాలుకున్నాడు. క్వారీలో పనిచేసే ఒకతని పెళ్లాం మొగుణ్ని రెక్కపట్టుకుని తీసుకొచ్చింది, అతను నవ్వుతూ పెట్టించుకున్నాడు. అడిగి పెట్టించుకున్న ఆ బిళ్లల తాళం వాళ్ల చేతికే ఇచ్చారు. మాసేనయ్య బిళ్ల కస్తూరే తీసింది. అతను చెవి వెనక తడుముకుని, ఇంటికైనా వెళ్లకుండా తిన్నగా చేపల వ్యాపారి దగ్గరికి వెళ్లి చొక్కా పట్టుకున్నాడు. సీతాలు వీధిలో నిలబడి తిట్టింది. మొగుణ్ని తిట్టడంలో అంత ఆనందం ఆవిడకెప్పుడూ కలగలేదు.

వానాకాలం మొదలవుతుండగా కస్తూరి ఒక పొద్దున ఒడ్డున ఉంది. హెచ్చరికలేమీ లేవు, కానీ తూర్పున మబ్బు నల్లగా ఉంది, కెరటాలు బరువుగా విరుగుతున్నాయి. మాసేనయ్య తెప్పను నీళ్ల వైపు నెడుతున్నాడు.

కస్తూరికి భయమేసింది. అలవాటుగా చెవి వెనక వేలు పెట్టి చూసుకుంది. అక్కడేమీ లేదు, నున్నటి చర్మం. ఇప్పుడొద్దులే అన్న మాట మాత్రం లోపల అలాగే కొట్టుకుంటోంది. అంటే ఈ భయం అచ్చంగా తనదే. వెళ్లొద్దని చెబితే వినడు. వినకపోవడం కోసమే కదా తాను అంత చేసింది.

ఆమె తుమ్మింది. కావాలనే, గట్టిగా.

మాసేనయ్య ఆగి వెనక్కి తిరిగాడు. కూతురి ముఖం చూశాడు. “దొంగ తుమ్ము,” అన్నాడు.

“కాదు.”

“నీకు తుమ్మడం కూడా రాదే గుంటా.” అయినా తెప్ప అంచున కూర్చున్నాడు. సీతాలు చెంబుతో నీళ్లిచ్చింది. అతను తొందరపడకుండా తాగాడు, కూతురి కోసమేనన్నట్టు ఇంకో గుక్క ఎక్కువే తాగాడు. ముగ్గురూ మబ్బు వైపు చూస్తూ ఉండిపోయారు. ఎవరూ సూర్రాజు పేరెత్తలేదు.

చెంబు తిరిగిచ్చేసి మాసేనయ్య లేచాడు. తెప్ప మీద చేతులు వేసి, నెట్టకుండా కూతురి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమె ఊరుకున్నా అతను వెళ్లిపోతాడు. పద్ధతి పూర్తయింది, నీళ్లు తాగేశాడు.

కస్తూరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్లీ తుమ్మింది.

“జోడు తుమ్ము,” అని పెద్దగా నవ్వాడు మాసేనయ్య. “శుభం.” తెప్ప నీళ్లలోకి దిగింది.

ఆ రెండో తుమ్ము మొదటిదానికంటే చాలా కష్టంగా వచ్చింది.